పత్తి తోట నుంచి జైలు పొలం దాకా: అంగోలా నేల కథ

అమెరికాలోని లూజియానా రాష్ట్రంలో, మిస్సిసిపీ నది మెలిక తిరిగే ఒక చోట 18,000 ఎకరాల జైలు ఉంది. మూడు వైపులా నది, నాలుగో వైపు ట్యూనికా కొండలు, అడవి. న్యూయార్క్‌లోని మన్‌హాటన్ దీవి మొత్తం ఇందులో పట్టేసి ఇంకా జాగా మిగులుతుంది. మొక్కజొన్న, సోయా, పత్తి, బెండ, కూరగాయలు పండుతాయి. కూరగాయల చేలల్లో పార పట్టేది ఖైదీలే. అధికారిక పేరు లూజియానా స్టేట్ పెనిటెన్షియరీ అయినా అందరూ అంగోలా అనే అంటారు. జైలు రాకముందు అక్కడ ఉన్న బానిసల తోట పేరు అది.

ఈ జైలు గురించి ఎవరు రాసినా చివరికి ఒకే మాట దగ్గర తేలతారు: బానిసత్వం అక్కడ ఆగనే లేదు అని. నేనూ ఆ మాటే నమ్ముతాను. అయితే దాన్ని నినాదంలా అనేసి వదిలేస్తే, నష్టం ఎలా జరిగిందో కనిపించకుండా పోతుంది. రెండు వందల ఏళ్లలో ఆ నేల మీద మనుషుల్ని పనిలో పెట్టిన కాగితం చాలాసార్లు మారింది. మొదట అది అమ్మకపు పత్రం. తర్వాత లీజు ఒప్పందం, ఆ తర్వాత రాష్ట్ర రాజ్యాంగం, జ్యూరీ (కోర్టులో నేరం తేల్చే పౌరుల బృందం) నిబంధన, యావజ్జీవ శిక్ష. ప్రతి కాగితాన్నీ ఎవరో ఒకరు ఒక తేదీన, ఒక కారణంతో రాశారు. ఆ కాగితాల్ని ఒక్కొక్కటిగా విప్పి చూడాలి.

మొదటి పేరు ఐజాక్ ఫ్రాంక్లిన్. మనుషుల వ్యాపారి. 1828లో జాన్ ఆర్మ్‌ఫీల్డ్ అనే భాగస్వామితో కలిసి వర్జీనియాలోని అలెగ్జాండ్రియాలో కంపెనీ పెట్టాడు. అప్పటికి వర్జీనియా, మేరీలాండ్ ప్రాంతాల్లో పొగాకు నేలలు సారం కోల్పోయాయి, అక్కడి యజమానులకు బానిసలు భారమయ్యారు. దక్షిణాన మిస్సిసిపీ, లూజియానాల్లో మాత్రం పత్తి, చెరకు తోటలు జోరుగా పెరుగుతున్నాయి. ఫ్రాంక్లిన్ ఇక్కడ కొని అక్కడ అమ్మేవాడు. కొందరిని సొంత ఓడల్లో న్యూ ఆర్లియన్స్‌కి పంపేవాడు, ఇంకొందరిని గొలుసులు వేసి వందల మైళ్లు నడిపించి నాచెజ్ సంతకు చేర్చేవాడు. భార్యను భర్త నుంచి, బిడ్డను తల్లి నుంచి విడదీసి అమ్మడం ఆ వ్యాపారంలో రోజూ జరిగే పని. దేశంలో అంతకు మించిన బానిస వ్యాపార సంస్థ అప్పట్లో లేదు.

అలా సంపాదించిన డబ్బుతో లూజియానాలోని వెస్ట్ ఫెలిసియానాలో నది ఒడ్డున వరసగా తోటలు కొన్నాడు: పనోలా, బెల్ వ్యూ, కిలార్నీ, అంగోలా. 1846లో చనిపోయాడు. ఆస్తి భార్య అడీలీషియాకు దక్కింది.

అంతర్యుద్ధం తర్వాత 1865లో 13వ రాజ్యాంగ సవరణ బానిసత్వాన్ని రద్దు చేసింది. అందులో ఒక మినహాయింపు ఉంది: నేరం రుజువై శిక్ష పడ్డవారికి తప్ప. దక్షిణాది భూస్వాములు కుట్ర పన్ని ఈ మాట చొప్పించారని చాలామంది అనుకుంటారు. నిజానికి అది దేశపు వాయవ్య ప్రాంతంలో బానిసత్వాన్ని నిషేధించిన 1787 నాటి చట్టంలో (వాయవ్య ప్రాంతపు ఆర్డినెన్స్) ఉన్న మాటే. రాసినవాళ్లు పాత వాక్యాన్ని దాదాపుగా తెచ్చి పెట్టారు. ఆ వాక్యంలో ఉన్న సందును భూస్వాములు వెంటనే పట్టుకున్నారు. విడుదలైన నల్లజాతివారు పని లేకుండా తిరిగితే నేరం, ఒప్పందం మధ్యలో పని మానేస్తే నేరం అంటూ దక్షిణాది రాష్ట్రాలు చట్టాలు చేసుకున్నాయి. యుద్ధానికి ముందు లూజియానా జైల్లో తెల్లవాళ్లే ఎక్కువ. బానిస తప్పు చేస్తే యజమానే కొరడాతో తేల్చేవాడు, చేతికింద ఉన్న పనిమనిషిని జైలుకు పంపి నష్టపోవడం అతనికి ఇష్టం ఉండేది కాదు. యుద్ధం తర్వాత కొద్ది ఏళ్లలోనే జైలు నల్లవాళ్లతో నిండిపోయింది.

ఖైదీల్ని లీజుకిచ్చే పద్ధతి కూడా యుద్ధం తర్వాత పుట్టింది కాదు. బాటన్ రూజ్‌లోని జైలును లూజియానా 1844లోనే ఒక ప్రైవేటు సంస్థకు అప్పగించింది. ఆ జైలు చరిత్రలో 1848 నాటి చట్టం ఒకటుంది. శిక్ష పడ్డ బానిస స్త్రీకి జైల్లో బిడ్డ పుడితే ఆ బిడ్డ రాష్ట్రం సొత్తు. పదేళ్లు తల్లి దగ్గర ఉంచి, ఆ తర్వాత వేలం వేయాలి. వచ్చిన సొమ్ము పాఠశాలల నిధికి వెళ్లాలి. తెల్ల పిల్లలు చదువుకునే బళ్ల కోసం జైల్లో పుట్టిన నల్ల పిల్లల్ని అమ్మమని శాసనసభ చట్టం చేసింది. జైలు వేరు, బానిసత్వం వేరు అనే గీత లూజియానాలో 1865కి ముందు కూడా గట్టిగా లేదు. ఆ తర్వాతి చరిత్రను నేను ఈ చట్టం గుర్తుపెట్టుకునే చదువుతాను.

లీజు పద్ధతికి పూర్తి రూపం ఇచ్చినవాడు శామ్యూల్ జేమ్స్. అంతర్యుద్ధంలో దక్షిణాది సైన్యంలో మేజర్. 1870లో రాష్ట్రంలోని ఖైదీలందరినీ 21 ఏళ్లకు లీజుకు తీసుకున్నాడు. మొదటి ఏడాది కట్టాల్సింది 5,000 డాలర్లు, ఏటా వెయ్యి చొప్పున పెరుగుతూ చివరి ఏడాదికి 25,000. ఆ డబ్బుకి రాష్ట్రంలో శిక్ష పడ్డ ప్రతి మనిషి శ్రమా అతని చేతికొచ్చింది. జేమ్స్ వాళ్లను రైలు కట్టల మీద, నది కరకట్టల మీద, తోటల్లో పెట్టాడు, ఇతరులకూ కిరాయికిచ్చాడు. 1880లో 8,000 ఎకరాల అంగోలా తోటను చేజిక్కించుకుని, కుటుంబంతో పెద్ద బంగళాలో కాపురం పెట్టాడు. ఇంటి పనికి ఖైదీలు, చేని పనికి ఖైదీలు. ఖైదీల్లో చాలామంది, ఒకప్పుడు బానిసలు ఉన్న పాత గుడిసెల్లోనే తలదాచుకున్నారు.

లెక్క చూస్తే ఇక్కడ గుండె బరువెక్కుతుంది. బానిసను కొనడానికి యజమాని వందల డాలర్లు పెట్టేవాడు, మనిషి చచ్చిపోతే పెట్టుబడి పోయేది. దయ లేకపోయినా ఆ లెక్క కొంత చేయి పట్టేది. లీజు ఖైదీ విషయంలో అదీ లేదు. ఒకడు పడిపోతే కోర్టు ఇంకొకణ్ని పంపుతుంది, అదనపు ఖర్చేమీ ఉండదు. జేమ్స్ లీజు నడిచిన మూడు దశాబ్దాల్లో దాదాపు 3,000 మంది చనిపోయారని చరిత్రకారుల అంచనా. బురదలో నిలబడి కట్టలు పోసినవాళ్లు, జ్వరాలకు మందు దొరకనివాళ్లు, దెబ్బలకు పోయినవాళ్లు. ఆరేళ్లకు మించి శిక్ష వేసే బదులు మరణశిక్ష వేయడమే దయగా ఉంటుందని న్యూ ఆర్లియన్స్ పత్రిక డైలీ పికయూన్ 1884లో రాసింది. అంతకు మించి బతికేవాళ్లు అరుదని ఆ పత్రిక వాదన.

బానిసత్వం పోయాక చెరకు, పత్తి తోటల్లో పనికి ఎవరొస్తారు అన్న ప్రశ్న ప్రపంచమంతా ఉంది. బ్రిటిష్ వాళ్లు మారిషస్ తోటల కోసం మన కోరంగి రేవు నుంచి కూడా మనుషుల్ని ఓడలెక్కించారు, తెలుగువాళ్లకు అక్కడ కోరంగీలనే పేరే పడింది. వాళ్ల చేతిలో ఎంత మోసపూరితమైనదైనా గడువున్న ఒక ఒప్పందం ఉండేది. లూజియానా అదే ఖాళీని కోర్టు తీర్పులతో నింపుకుంది.

1898లో లూజియానా కొత్త రాజ్యాంగం రాసుకుంది. అంగోలాను అర్థం చేసుకోవాలంటే ఈ సభ దగ్గర కాసేపు ఆగాలి. ఖైదీల లీజును రద్దు చేసింది ఈ సభే. సంస్కర్తలు చాలా ఏళ్లు పోరాడి సాధించిన విజయం అది. నల్లవాళ్ల ఓటును తుడిచిపెట్టిందీ ఈ సభే. చదువు, ఆస్తి నిబంధనలు పెట్టి, 1867కి ముందు తండ్రికో తాతకో ఓటున్నవాళ్లకు వాటి నుంచి మినహాయింపు ఇచ్చింది. 1896లో లక్షా ముప్పై వేలకు పైగా ఉన్న నల్ల ఓటర్లు 1904 నాటికి 1,342 మంది మిగిలారు. ఇదే సభ జ్యూరీ నిబంధననూ మార్చింది. 12 మందీ ఏకగ్రీవంగా చెప్పక్కర్లేదు, 9 మంది దోషి అంటే చాలు. సమాఖ్య రాజ్యాంగం ప్రకారం నల్లవాళ్లను జ్యూరీలోకి రాకుండా పూర్తిగా ఆపలేరు. వచ్చిన ఒకరిద్దరి మాట చెల్లకుండా చేయడానికి ఈ దారి పట్టారు. తెల్లవాళ్ల ఆధిపత్యాన్ని నిలబెట్టడమే తమ పని అని సభ నాయకులు దాపరికం లేకుండా చెప్పుకున్నారు కూడా.

అంటే లీజు తలుపు మూసిన చేత్తోనే జైలుకు దారి వెడల్పు చేశారు.

1901 జనవరి 1న ఖైదీలు రాష్ట్రం ఆధీనంలోకి వచ్చారు. అంతకుముందే రాష్ట్రం అంగోలా తోటను కొనేసింది. చావులు తగ్గాయి, దాన్ని తక్కువ చేసి చెప్పలేం. కానీ కొత్త యజమానికీ పాత యజమాని కోరికే ఉంది: జైలు తన ఖర్చు తానే రాబట్టుకోవాలి. 1912లో, 1922లో మిస్సిసిపీ వరదలు పంటను ముంచేశాయి, లాభాల ఆశ తల్లకిందులైంది. 1916లో పెత్తనానికి వచ్చిన హెన్రీ ఫ్యూక్వా ఖర్చు తగ్గించడానికి జీతం తీసుకునే కాపలాదారుల్లో ఎక్కువమందిని తీసేసి, ఖైదీల్లోంచే కొందరికి తుపాకులిచ్చి కాపలా పెట్టాడు. ఖాకీ చొక్కాల ఈ ఖైదీ కాపలాదారులు 1970ల మొదటి దాకా ఉన్నారు. ఒక ఖైదీకి ఇంకో ఖైదీ మీద ప్రాణాధికారం ఇస్తే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. చుట్టుపక్కల తోటల్ని కూడా కలుపుకుని 1922 నాటికి జైలు 18,000 ఎకరాలైంది. ఫ్రాంక్లిన్ కాలపు తోటలు మళ్లీ ఒకే యజమాని కిందికి వచ్చాయి. ఫ్యూక్వా తర్వాత గవర్నరయ్యాడు.

1930లలో, ఖైదీలు పారిపోయిన ఒక ఘటన తర్వాత రెడ్ హ్యాట్ అనే సెల్ బ్లాకు కట్టారు. అక్కడివాళ్లను పొలంలో దూరం నుంచే గుర్తుపట్టేలా గడ్డి టోపీలకు ఎర్ర రంగు పూసేవారు. 1951లో 31 మంది ఖైదీలు బ్లేడ్లతో తమ మడమ నరాలు తామే కోసుకున్నారు. నడవలేని మనిషిని చేనికి తోలుకెళ్లలేరు కదా. ఆ పనిని, ఆ దెబ్బల్ని ఆపమని అడగడానికి వాళ్లకు వేరే దారి కనిపించలేదు. దేశమంతా ఉలిక్కిపడింది. మరుసటి ఏడాది కొలియర్స్ పత్రిక దీన్ని అమెరికాలోకెల్లా ఘోరమైన జైలు అని రాసింది. కొన్ని సంస్కరణలు జరిగాయి, పదేళ్లు తిరక్కుండా బడ్జెట్ కోతల్లో కొట్టుకుపోయాయి.

1970ల మొదట్లో కత్తిపోట్లు, చావులు ఎంత పెరిగాయంటే 1975లో ఫెడరల్ కోర్టు జోక్యం చేసుకోవాల్సి వచ్చింది. 1972లో ఒక యువ కాపలాదారు హత్యకు గురయ్యాడు. జైల్లో నల్లవాళ్ల హక్కుల కోసం పోరాడే బ్లాక్ పాంథర్ పార్టీ శాఖ నడుపుతున్న ఆల్బర్ట్ వుడ్‌ఫాక్స్, హెర్మన్ వాలెస్‌ల మీద ఆ నేరం మోపారు. తాము చేయలేదని ఇద్దరూ చివరిదాకా చెప్పారు. వాలెస్ 2013లో విడుదలైన మూడు రోజులకే క్యాన్సర్‌తో చనిపోయాడు. వుడ్‌ఫాక్స్ 40 ఏళ్లకు పైగా ఒంటరి గదిలో ఉండి, 2016 ఫిబ్రవరి 19న, తన 69వ పుట్టినరోజున బయటికొచ్చాడు.

ఇక అందరూ పట్టించుకోవాల్సిందీ, తక్కువమంది పట్టించుకునేదీ శిక్షల చట్టం. చాలా దశాబ్దాల పాటు లూజియానాలో యావజ్జీవ ఖైదీ సత్ప్రవర్తనతో ఉంటే పదిన్నర ఏళ్లకు బయటికొచ్చేవాడు. దాన్ని పది-ఆరు అనేవారు: పదేళ్లు, ఆరు నెలలు. 1970లలో ఆ ఆచారాన్ని తీసేశారు. ఆ దశాబ్దం ముగిసేసరికి యావజ్జీవం అంటే ప్రాణం పోయేదాకా అని స్థిరపడింది, ముందస్తు విడుదల కోసం అడిగే హక్కు కూడా లేదు. దీనికి జ్యూరీ నిబంధన తోడైంది. 1970లలో 9 మందిని 10 చేశారు తప్ప ఏకగ్రీవం రాలేదు. అంటే ఇద్దరు జ్యూరీ సభ్యులు ఈ మనిషి నేరం చేశాడని మేం నమ్మడం లేదు అని చెప్పినా, అతను జీవితాంతం అంగోలాలో ఉండిపోవచ్చు. 2018లో ఓటర్లు దీన్ని రద్దు చేశారు. 2020లో రామోస్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు దీన్ని రాజ్యాంగ విరుద్ధమంది. పాత కేసులకు ఆ తీర్పు వర్తించదని 2021లో అదే కోర్టు అంది, 2022లో రాష్ట్ర సుప్రీంకోర్టూ అదే చెప్పింది. తప్పు పద్ధతిలో శిక్ష పడ్డవాళ్లు వెయ్యి మందికి పైగా ఇంకా లోపలే ఉన్నారు. ఈ మొత్తం కథలో నాకు అన్నిటికంటే మింగుడు పడనిది ఇదే. పద్ధతి తప్పని తేల్చిన కోర్టే, దానికి బలైనవాళ్లను ఉన్నచోటే ఉండమంది.

ఫలితంగా అంగోలా ముసలివాళ్ల జైలైపోయింది. ఖైదీల్లో ఎక్కువమంది యావజ్జీవులే. రాష్ట్ర జనాభాలో నల్లవాళ్లు మూడో వంతు, అంగోలాలో మాత్రం దాదాపు నాలుగింట మూడొంతులు. 1998లో అక్కడ అవసాన దశలో ఉన్నవారి కోసం హాస్పిస్ మొదలైంది. తోటి ఖైదీలే వాలంటీర్లుగా మంచం పక్కన కూర్చుంటారు, ఒళ్లు తుడుస్తారు, అన్నం తినిపిస్తారు, చివరి రాత్రి ఒంటరిగా వదలరు. శవపేటికలు కూడా ఖైదీలే చేస్తారు. మత బోధకుడు బిల్లీ గ్రాహంను 2018లో పాతిపెట్టింది వాళ్లు చేసిన పేటికలోనే. అయినవాళ్లు ఎవరూ తీసుకెళ్లని ఖైదీకి జైలు భూమిలోనే, పాయింట్ లుకౌట్ శ్మశానంలో గోతి తవ్వుతారు.

మరి పొలం పని ఎందుకు? సోయా, మొక్కజొన్నలాంటి పంటలకు యంత్రాలున్నాయి. చేత్తో చేసే పని ప్రధానంగా కూరగాయల చేలల్లో, దాన్ని ఫార్మ్ లైన్ అంటారు. ఒళ్లు సహకరించే కొత్త ఖైదీ ముందు అక్కడే మొదలుపెట్టాలి. పొద్దున్నే వరసకట్టి నడుస్తారు, పారలతో కలుపు తీస్తారు, వంగి బెండకాయలు కోస్తారు. గుర్రాల మీద తుపాకులతో కాపలాదారులు. కూలి గంటకు 2 సెంట్లు. వారంలో 40 గంటలు చేస్తే 80 సెంట్లు. వేరే పనులకు 20 సెంట్ల దాకా ఉంటుంది. రానంటే క్రమశిక్షణ చర్య, ఒంటరి గది భయం. పండిన కూరగాయలు ఖైదీల వంటశాలకే వెళ్తాయని అధికారులు అంటారు. ఆ వాదనను కొట్టిపారేయను, ఖాళీగా కూర్చోవడం కంటే పని మేలని ఖైదీల్లో కొందరూ అంటారు. కానీ గంటకు 2 సెంట్ల పనికి, కాదనే వీలు లేని పనికి, తుపాకీ నీడలో చేసే పనికి వంటశాల ఒక్కటే కారణం అంటే నమ్మలేను. మాట వినేలా మనిషిని వంచడం ఆ పనిలో ప్రధాన భాగం.

మన దగ్గర జైలు వ్యవసాయం లేదా అంటే ఉంది. అనంతపురం, చర్లపల్లి ఓపెన్ జైళ్లు పేరుకే వ్యవసాయ క్షేత్రాలు కావు, నిజంగా సేద్యం సాగుతుంది. వాటికి సత్ప్రవర్తన ఉన్నవాళ్లనే ఎంచి పంపుతారు, అక్కడికి వెళ్లడాన్ని ఖైదీలు మెట్టు పైకెక్కడంగా చూస్తారు. మన రాజ్యాంగం 23వ అధికరణ వెట్టిని నిషేధించింది. కఠిన శిక్ష పడ్డవారితో పని చేయించవచ్చు గానీ న్యాయమైన కూలి ఇవ్వాలని 1998లో గుజరాత్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇచ్చే కూలి ఇప్పటికీ తక్కువే, అది వేరే పోరాటం. అయినా కూలి హక్కు అని కోర్టు ఒప్పుకున్నాక అడగడానికి ఒక ఆధారం ఉంటుంది. లూజియానాలో ఆ ఆధారం కోసమే 2022లో రాష్ట్ర రాజ్యాంగం నుంచి శిక్షగా బానిసత్వం అనే మినహాయింపును తీసేయాలని ప్రజల ఓటుకు పెట్టారు. ముసాయిదా మాటలు అయోమయంగా తయారై, ఉన్నదానికంటే ఎక్కువ అనుమతిస్తాయేమోనని ప్రతిపాదించిన శాసనసభ్యుడే వద్దని చెప్పాల్సి వచ్చింది. ఓడిపోయింది.

2023లో ఖైదీలు, వారి తరఫున ఒక సంస్థ ఫార్మ్ లైన్ మీద ఫెడరల్ కోర్టుకెళ్లారు. 2024 జూలైలో జడ్జి నీడ, విరామం, సన్‌స్క్రీన్ లాంటివి కల్పించమని ఆదేశించారు. ఆ తర్వాత రాష్ట్రం వేడి హెచ్చరిక ఇచ్చే హీట్ ఇండెక్స్ (గాలిలో తేమతో కలిపి ఒంటికి తెలిసే వేడి) హద్దును 88 నుంచి 91 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి పెంచింది. కోర్టు నీడ ఇవ్వమంటే, ఎండను ఎండ అనాల్సిన గీతనే పైకి జరిపారు. 2025లో మళ్లీ 88కే తెమ్మని జడ్జి చెప్పాల్సి వచ్చింది.

అక్టోబర్ ఆదివారాల్లో అంగోలాకు జనం టికెట్లు కొనుక్కుని వస్తారు. 1965లో మొదలైన రోడియో అనే పశువుల ఆటల పోటీలో, శిక్షణ లేని ఖైదీలు ఎద్దుల ముందు నిలబడతారు. ఒక ఆటలో నలుగురు బల్ల చుట్టూ కూర్చుంటారు, ఎద్దును వదులుతారు, ఆఖరిదాకా కుర్చీలో ఉన్నవాడికి బహుమతి. చూడటానికే నాకు మనసు రాదు. కానీ దాన్ని ఆపేయమని ఖైదీల్లో చాలామంది అడగరు. ఆ రోజు బయటి మనుషులు కనిపిస్తారు, చేత్తో చేసిన కుర్చీలు, బెల్టులు అమ్ముకోవచ్చు, 2 సెంట్ల కూలితో ఎప్పటికీ కూడబెట్టలేని డబ్బు చేతికొస్తుంది.

కాగితం మారడం ఇప్పటికీ ఆగలేదు. 2022లో పాత మరణశిక్ష ఖైదీల భవనంలో టీనేజీ పిల్లల్ని పెట్టారు, 2023లో ఫెడరల్ జడ్జి తీయించారు. 2025 సెప్టెంబర్‌లో, ఒంటరి ఖైదుకు పేరుపడి 2018లో మూతపడిన క్యాంప్ జె భవనాన్ని వలసదారుల నిర్బంధ కేంద్రంగా తెరిచారు. అంగోలాకున్న పేరు చూసే ఎంచుకున్నామని, ఆ పేరు విని కొందరు తమంతట తామే దేశం వదిలి వెళ్తారని కేంద్ర అధికారులు బహిరంగంగానే చెప్పారు. అక్కడ ఉంచినవాళ్లలో పాత నేరాలున్నవారు ఉన్నారని ప్రభుత్వం అంటోంది. కానీ వలస నిర్బంధం చట్టం దృష్టిలో శిక్ష కాదు, సివిల్ వ్యవహారం. 13వ సవరణలోని మినహాయింపు శిక్షగా చేయించే పనికి మాత్రమే ఉంది కాబట్టి, ఈ నిర్బంధాన్ని చూపించి ఎవరి చేతికీ పార ఇవ్వడానికి వీల్లేదు.